తాళాలు మేం వేసుకుంటాం, లెక్కలు మీరు చెప్పండి
ఫోన్ నిఘాపై రాష్ట్ర హోం మంత్రి గారికి విశాఖపట్నం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఫోన్ ట్యాపింగ్ మాట ఎప్పుడు లేచినా, ఏ పార్టీ అధికారంలో ఉన్నా, జనానికి రెండే జవాబులు వస్తున్నాయి. తప్పు చేయనివాడికి భయమెందుకు అన్నది ఒకటి. అంత దాచుకోవాల్సిన సంగతులుంటే మీ జాగ్రత్తలో మీరుండండి, వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అన్నది రెండోది. మొదటిదానికి సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న జవాబు చెప్పేసింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు. అందులోకి చొరబడే ప్రభుత్వమే చట్టాన్నీ, అవసరాన్నీ, ఆ అవసరానికి తగిన మోతాదునూ చూపించాలి. అందుకే ఈ లేఖలో మేం మాట్లాడేది రెండో జవాబు గురించి.

మేం విశాఖలో నెట్‌వర్కుల నిర్వహణ, ఫోన్ల భద్రత, క్రిమినల్ కేసుల వాదన వంటి వృత్తుల్లో ఉన్నవాళ్లం. మీ నియోజకవర్గమూ ఉమ్మడి విశాఖ జిల్లాలోదే కాబట్టి మీతో సూటిగా మాట్లాడగలమన్న నమ్మకం ఉంది. ఎవరి ఫోన్ వాళ్లు కాపాడుకోవాలన్న మాటను మేం కొట్టిపారేయం. మేమే పదిమందికీ అది నేర్పుతున్నాం. అయితే ఆ జాగ్రత్త ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో మీకు వివరంగా చెప్పాలి. అది ఆగిపోయిన చోట మీ శాఖ పని మొదలవుతుంది. ఆ పనిలో చాలా భాగానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

ముందు మా వంతు.

వాట్సాప్ సందేశం ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు వెళ్లే దారంతా ఎన్‌క్రిప్షన్‌లోనే ఉంటుంది. టెలికాం కంపెనీ దగ్గర లైను పట్టుకున్నా అందులో ఒక్క అక్షరం చదవలేరు. 2016 నుంచీ అంతే. కానీ అదే చాట్ రాత్రిపూట గూగుల్ డ్రైవ్‌కో ఐక్లౌడ్‌కో బ్యాకప్ అవుతుంది. ఆ కాపీకి కూడా ఎండ్-టు-ఎండ్ రక్షణ, అంటే మధ్యలో ఉన్న కంపెనీ కూడా విప్పలేని తాళం, పెట్టుకునే వీలు 2021లో వచ్చింది, అదీ మనంతట మనం ఆన్ చేస్తేనే. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్, దాని అడుగున ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్. అక్కడ పాస్‌వర్డ్ గానీ, 64 అంకెల కీ గానీ ఎంచుకోవచ్చు. అది మర్చిపోయి, ఫోన్ కూడా పోగొట్టుకుంటే, పాత చాట్‌ను వాట్సాప్ కంపెనీ కూడా తిరిగి ఇవ్వలేదు. కాబట్టి కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోమంటాం. చాలామంది దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకుంటారు. అది గ్యాలరీ నుంచి గూగుల్ ఫొటోస్‌కు వెళ్లి కూర్చుంటుంది, చేసిన పనంతా వృథా అవుతుంది.

తర్వాత చూడాల్సింది లింక్డ్ డివైసెస్. ఫోన్ కాకుండా ఇంకో నాలుగు పరికరాలకు వాట్సాప్ కలుపుకోవచ్చు. అన్‌లాక్ చేసిన ఫోన్ ఒక్క నిమిషం ఎవరి చేతికైనా చిక్కితే చాలు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చాట్లన్నీ తమ కంప్యూటర్‌లో చూసుకుంటూ ఉంటారు. అప్పుడు ఎన్‌క్రిప్షన్ విరగ్గొట్టాల్సిన పనే లేదు. వారానికోసారి ఆ జాబితా తెరిచి, గుర్తుపట్టని పరికరం ఉంటే లాగౌట్ చేయాలి. టూ-స్టెప్ వెరిఫికేషన్ కింద ఆరంకెల పిన్ పెట్టుకోకపోతే, మన పేరుతో డూప్లికేట్ సిమ్ తీసినవాడు ఓటీపీ తనకు రప్పించుకుని మన ఖాతాలోకి వచ్చేస్తాడు. ఎస్‌ఎంఎస్‌కు ఎలాంటి ఎండ్-టు-ఎండ్ రక్షణా లేదు, మామూలు కాల్‌కూ లేదు. ఆ రెండూ టెలికాం కంపెనీ యంత్రాల్లోంచి విప్పిన రూపంలోనే పోతాయి.

టెలిగ్రామ్ విషయంలో మా ఊళ్లో కూడా పెద్ద అపోహే ఉంది. అందులో మామూలు చాట్‌కు ఎండ్-టు-ఎండ్ లేదు, అవి కంపెనీ సర్వర్లలో ఉంటాయి. ఇద్దరి మధ్య విడిగా తెరుచుకునే సీక్రెట్ చాట్‌కే ఆ రక్షణ. గ్రూపులకు అసలు లేదు. సిగ్నల్‌లో సందేశాలకు గడువు పెట్టవచ్చు, 2024 నుంచి ఫోన్ నంబరు కనపడకుండా యూజర్‌నేమ్‌తో మాట్లాడవచ్చు. అమెరికా కోర్టుల నుంచి ఆదేశాలు వచ్చినప్పుడు సిగ్నల్ ఇవ్వగలిగింది రెండే వివరాలు: ఖాతా తెరిచిన తేదీ, చివరిసారి కనెక్ట్ అయిన తేదీ. మిగతాది వాళ్ల దగ్గర లేనే లేదు. నిల్వ చేయని సమాచారాన్ని ఎవరూ లాక్కోలేరన్న ఈ సూత్రం ప్రభుత్వ రికార్డులకు కూడా వర్తిస్తుంది. ఆ మాట కింద మళ్లీ వస్తుంది.

ఫోన్ తెరవడానికి నాలుగంకెల పిన్ బదులు కనీసం ఆరంకెలు, కుదిరితే అక్షరాలు కలిసిన పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. ఫోన్ చేయి దాటే సందర్భం వస్తే స్విచాఫ్ చేసి ఇవ్వాలి. ఆన్ చేశాక మొదటిసారి పిన్ కొట్టేదాకా వేలిముద్ర పనిచేయదు, లోపలి డేటాలో ఎక్కువ భాగం ఎన్‌క్రిప్షన్ కిందే ఉండిపోతుంది. ఒకసారి తెరిచి మళ్లీ స్క్రీన్ లాక్ చేసిన ఫోన్‌లో ఆ రక్షణ చాలా తక్కువ. ఫోరెన్సిక్ ల్యాబుల్లో ఉన్నవారికి ఈ తేడా బాగా తెలుసు.

ఇదంతా ఒక మనిషి ఒక పూటలో చేసుకోగలిగిన పనే. బద్ధకించి చేసుకోనివాడు ప్రభుత్వాన్ని తప్పుపట్టే ముందు తన ఫోన్ చూసుకోవాలని మేమూ అంటాం.

ఇక, జాగ్రత్త ఎక్కడ ఆగిపోతుందో చూడండి. ఉక్కు కార్మికుల గ్రూపు ఉంది. అందులో రెండు వందల మంది ఉన్నారనుకుందాం. నూట తొంభై తొమ్మిది మంది పైన చెప్పినవన్నీ చేశారు. ఒక్కరు బ్యాకప్‌కు రక్షణ పెట్టలేదు. ఆ ఒక్కరి క్లౌడ్ ఖాతాలో రెండు వందల మంది మాటలూ ఉంటాయి. ఒక లాయరు తన ఫోన్ ఎంత కట్టుదిట్టంగా ఉంచుకున్నా, క్లయింటు వాడేది సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయిన పాత ఫోన్ అయితే ఇద్దరి సంభాషణా ఆ పాత ఫోన్ స్థాయికి దిగిపోతుంది. సంభాషణకు ఇద్దరు కావాలి. అందుకే గోప్యతను ఒక్క మనిషి బాధ్యతగా లెక్కగట్టడం మొదటి అడుగులోనే తప్పుతుంది.

రెండోది, ఏ యాప్‌తోనూ దాగని సమాచారం. ఎవరు, ఎవరికి, ఎన్నింటికి, ఎంతసేపు కాల్ చేశారు, ఏ హ్యాండ్‌సెట్ నుంచి, ఏ టవర్ కింద నుంచి చేశారు అన్నది కాల్ డేటా రికార్డు. దీన్ని కంపెనీలు రెండేళ్లు ఉంచాలని టెలికాం శాఖ 2021 డిసెంబరులో లైసెన్సు షరతు మార్చింది. అంతకుముందు ఏడాదే. సిమ్ మార్చినా హ్యాండ్‌సెట్ గుర్తింపు సంఖ్య ఐఎంఈఐ అదే ఉంటుంది, హ్యాండ్‌సెట్ మార్చినా సిమ్ అదే ఉంటుంది, రెండూ మార్చినా రోజూ రాత్రి అదే టవర్ కింద నిద్రపోయే ఫోన్ ఎవరిదో తేల్చడం కష్టం కాదు. మాటలు వినకుండానే ఒక మనిషి ఏ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడో, ఏ విలేకరితో మాట్లాడుతున్నాడో చెప్పేయవచ్చు. పైగా దీనికి హోం కార్యదర్శి సంతకం అక్కర్లేదు. నేర విచారణ పద్ధతి చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 94 కింద పోలీసు అధికారి రాతపూర్వకంగా అడిగితే కంపెనీ ఇస్తుంది. టవర్ డంప్, అంటే ఒక టవర్ కింద ఉన్న ఫోన్లన్నిటి జాబితా, ఇంకా విస్తారం. జగదాంబ సెంటర్లో ఒక గంటకు టవర్ డంప్ తీస్తే నిందితుడి నంబరుతో పాటు ఆ గంటలో సినిమాకు వచ్చినవాళ్లు, బట్టలు కొనడానికి వచ్చినవాళ్లు, బస్సులో అటుగా పోయినవాళ్లు, అందరి నంబర్లూ వస్తాయి. కేసు తేలాక ఆ జాబితా ఏమవుతుందో వాళ్లలో ఒక్కరికీ తెలిసే దారి లేదు.

మూడోది నిఘా సాఫ్ట్‌వేర్. పెగాసస్ రకం దాడికి లింకు నొక్కనక్కర్లేదు. 2019లో వాట్సాప్ కాల్ ఎత్తకపోయినా ఫోన్‌లోకి దిగింది. అప్పుడు ప్రపంచంలో సుమారు 1,400 మందిని లక్ష్యం చేసుకున్నారు, వారిలో మన దేశపు న్యాయవాదులు, హక్కుల కార్యకర్తలు ఉన్నారు. 2021లో ఐఫోన్ మెసేజ్ ద్వారా అదే పని జరిగింది, సెప్టెంబరు 13న ఆపిల్ అప్‌డేట్ ఇచ్చి ఆ దారి మూసింది. ఫోన్ లోపలే కూర్చున్నవాడికి ఎన్‌క్రిప్షన్‌తో పనిలేదు, తెర మీద మనం చదివేదే వాడూ చదువుతాడు. అప్‌డేట్లు ఆలస్యం చేయకండి, రోజూ ఒకసారి ఫోన్ రీస్టార్ట్ చేయండి, ఐఫోన్‌లో లాక్‌డౌన్ మోడ్, ఆండ్రాయిడ్ 16 నుంచి అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ వాడండి అని మేం చెబుతాం. వీటితో దాడి చేసేవాడి ఖర్చు పెరుగుతుంది, దాడి ఆగుతుందన్న హామీ లేదు. ఒక ప్రభుత్వం కోట్లు పోసి కొన్న ఆయుధం ముందు ఒక గుమస్తానో, ఒక ఆశా కార్యకర్తనో నిలబెట్టి నీ జాగ్రత్త నీది అనడం న్యాయం కాదు.

ఇక్కడ మా ఊరి ఉదాహరణే ఒకటి చెప్పాలి. 2019 డిసెంబరులో మన రాష్ట్ర పోలీసు ఇంటెలిజెన్స్ విభాగం, కేంద్ర సంస్థలు, నేవీ ఇంటెలిజెన్స్ కలిసి ఆపరేషన్ డాల్ఫిన్ నోస్ పేరుతో గూఢచర్యం కేసు బయటపెట్టాయి. ఏడుగురు నేవీ సిబ్బంది, ఒక హవాలా ఆపరేటర్ అరెస్టయ్యారు. సోషల్ మీడియా పరిచయాలతో వల వేశారన్నది అభియోగం. ఇలాంటి కేసులో నిఘా అవసరమని మేం ఒప్పుకుంటాం, ఒప్పుకోకపోతే ఈ ఊళ్లో ఉండే అర్హత మాకు లేదు. అయితే ఆ తర్వాత నేవీ ఏం చేసిందో గమనించండి. ఒక్కో నావికుడికి జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకోలేదు. నౌకల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది, సిబ్బంది ఫేస్‌బుక్ వాడొద్దని ఆదేశించింది. భద్రత విలువ బాగా తెలిసిన సంస్థ కూడా దాన్ని వ్యక్తుల జాగ్రత్తకు వదిలేయలేదు, నియమంగా మార్చింది.

రెండో ఉదాహరణ ఇంకా దగ్గరిది. కొత్త ఫోన్లన్నిటిలో ప్రభుత్వ యాప్ సంచార్ సాథీని ముందే వేసి అమ్మాలని 2025 నవంబరు 28న టెలికాం శాఖ తయారీదారులకు ఆదేశం ఇచ్చింది. ఫోన్‌లోనే వచ్చే యాప్‌ను కొన్నవాడు ఏ సెట్టింగ్ మార్చి ఆపుతాడు? జనం అభ్యంతరం చెప్పారు, పార్లమెంటులో ప్రశ్న లేచింది, డిసెంబరు 3న ఆదేశం వెనక్కి పోయింది. వారం తిరగలేదు. గోప్యతకు రాజకీయ పరిష్కారం గాలిలో మేడ అనేవారికి మేం దీన్నే చూపిస్తాం.

ఇప్పుడు మీ శాఖ విషయానికి వస్తాం.

1996 డిసెంబరు 18న పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ట్యాపింగ్‌కు హద్దులు గీసింది. 2007లో అవే టెలిగ్రాఫ్ నిబంధన 419ఏ అయ్యాయి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చాక, 2024 డిసెంబరు 6న నోటిఫై చేసిన కొత్త నిబంధనలు వాటి స్థానంలోకి వచ్చాయి. చట్టం మారినా చట్రం పెద్దగా మారలేదు. రాష్ట్రంలో ట్యాపింగ్ ఆదేశం ఇచ్చేది హోం కార్యదర్శి. అత్యవసరమైతే ఐజీ స్థాయికి తగ్గని అధికారి ముందు మొదలుపెట్టవచ్చు, మూడు పనిదినాల్లో పైకి తెలియజేయాలి, ఏడు పనిదినాల్లో ఆమోదం రాకపోతే ఆపేయాలి, విన్నదాన్ని ఎక్కడా వాడకూడదు. ఆదేశం 60 రోజులు చెల్లుతుంది, పొడిగించుకుంటూ పోయినా 180 రోజులు దాటకూడదు. సమాచారం వేరే దారిలో దొరుకుతుందేమో ముందు ఆలోచించాలి. ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన, న్యాయ కార్యదర్శి, హోం కాకుండా మరో శాఖ కార్యదర్శి సభ్యులుగా రివ్యూ కమిటీ రెండు నెలలకోసారైనా కూర్చుని ఆదేశాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి.

కాగితం మీద ఇది బాగానే ఉంది. ఎక్కడ జారిపోతుందో చెబుతాం.

అడిగేది ప్రభుత్వమే, ఇచ్చేది ప్రభుత్వమే, సరిచూసేదీ ప్రభుత్వమే. ఈ మొత్తం దారిలో ఒక్క న్యాయమూర్తి ఎదురుపడడు. బ్రిటన్‌లో 2016 చట్టం ప్రకారం మంత్రి సంతకం మీద జ్యుడీషియల్ కమిషనర్ ఆమోదం కూడా ఉండాలి. అమెరికాలో క్రిమినల్ కేసుల ట్యాపింగ్‌కు జడ్జి ఆదేశం కావాలి, ఎన్ని ఆదేశాలు ఇచ్చారో కోర్టుల పరిపాలనా కార్యాలయం ఏటా అచ్చువేస్తుంది.

తర్వాత, సంఖ్య. కేంద్రం నెలకు సగటున 7,500 నుంచి 9,000 ట్యాపింగ్ ఆదేశాలు ఇస్తోందని పదేళ్లకు పైగా కిందట ఒక సమాచార హక్కు దరఖాస్తుకు కేంద్ర హోం శాఖే జవాబిచ్చింది. కేంద్రంలో కూడా కమిటీ రెండు నెలలకోసారే కూర్చుంటుంది కాబట్టి ఒక్కో సమావేశానికి 15,000 నుంచి 18,000 ఆదేశాలు. ఇది ఆచరణలో అయ్యే పని కాదని 2018లో జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ రాసింది. తెలంగాణ అంశంపై 2010లో నివేదిక ఇచ్చిన శ్రీకృష్ణ గారే ఆయన, మన పాఠకులకు కొత్త కాదు. కమిటీ ఎనిమిది గంటలు లేవకుండా కూర్చున్నా ఒక్కో ఆదేశానికి రెండు సెకన్లు దక్కవు. మన రాష్ట్రంలో సంఖ్య ఎంతో ప్రజలకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత, కారణం రాసే తీరు. ప్రజా అత్యవసర పరిస్థితి లేదా ప్రజాభద్రత ఉంటేనే ట్యాపింగ్ చేయాలని చట్టం. ఆ రెండు మాటల్లో ఒకదాన్ని ఫైలులో ఎక్కించేస్తే పని అయిపోతోంది. లంచం కేసులో ఇచ్చిన మూడు ఆదేశాలను బొంబాయి హైకోర్టు 2019 అక్టోబరు 22న ఇందుకే కొట్టేసి, రికార్డింగులు ధ్వంసం చేయమంది. 2025 జులై 2న మద్రాసు హైకోర్టు అదే దారిలో తీర్పిచ్చింది. దానికి వారం ముందే ఢిల్లీ హైకోర్టు మరో అవినీతి కేసులో ట్యాపింగ్‌ను సమర్థించింది కాబట్టి ఈ ప్రశ్న ఇంకా పూర్తిగా తేలలేదు. అయితే ఈ కేసులన్నిటిలో ఒకటి గమనించండి. ట్యాప్ అయిన సంగతి వాళ్లకు తెలిసింది కేసు పెట్టారు కాబట్టే. కేసు పెట్టనివాళ్లకు, ఏ తప్పూ దొరకనివాళ్లకు, అంటే అసలైన నిర్దోషులకు, ఎప్పటికీ తెలియదు. అక్రమంగా వింటే మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 2023 చట్టంలో ఉంది. విన్నారన్న సంగతే తెలియనివాడు ఫిర్యాదు ఎలా ఇస్తాడు?

ఆదేశం నిజమైనదో కాదో చూసేవాడు కూడా ఉండాలి. 2005లో రాజ్యసభ సభ్యుడు అమర్ సింగ్ ఫోన్‌ను ఒక కంపెనీ నకిలీ లేఖ ఆధారంగా ట్యాప్ చేసింది. ఆ లేఖ నిండా కొట్టొచ్చినట్టు కనపడే తప్పులు ఉన్నా కంపెనీ సరిచూసుకోలేదని సుప్రీంకోర్టు 2011లో తప్పుపట్టింది.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది ధ్వంసం నిబంధన. విన్న సంభాషణలను, వాటికి సంబంధించిన ఆదేశాల రికార్డులను, అవసరం లేనప్పుడు ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలన్నది నియమం. సంభాషణలు చెరిపేయడం మంచిదే, పైన అన్నట్టు నిల్వ చేయనిది లీకు కాదు. కానీ ఆదేశం ఇచ్చినట్టు ఆనవాలు కూడా చెరిగిపోతే, ఎన్ని ఇచ్చారో, ఎవరు ఇచ్చారో తర్వాత వచ్చే ప్రభుత్వం గానీ, కోర్టు గానీ లెక్క తీయలేవు. పొరుగు రాష్ట్రం తెలంగాణలో 2024లో నమోదైన కేసులో ఆరోపణ సరిగ్గా ఇదే: ఇంటెలిజెన్స్ విభాగంలో అక్రమంగా ట్యాపింగ్ చేశారని, 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని. దోషులెవరో కోర్టు తేలుస్తుంది. అలాంటి ఆరోపణకు తావే లేని ఏర్పాటు మన దగ్గర ఉందా అన్నది మా ప్రశ్న.

ఇది ఏ ఒక్క పార్టీ మీదా వేసే నింద కాదు. 1988లో రామకృష్ణ హెగ్డే కర్ణాటక ముఖ్యమంత్రి పదవి వదులుకున్నది ట్యాపింగ్ వివాదంలోనే. 2015లో మన రాష్ట్ర నాయకులే తమ ఫోన్లు ట్యాప్ అయ్యాయని గొంతెత్తారు. 2022 మార్చిలో పెగాసస్ కొనుగోలు ఆరోపణలపై మన శాసనసభ సభాసంఘం వేసింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అందరికీ ఇది అన్యాయంగానే కనిపిస్తుంది, అధికారంలోకి వచ్చాక యంత్రం మాత్రం అలాగే ఉంటుంది. మీ పార్టీ కూడా రేపెప్పుడో ప్రతిపక్షంలో కూర్చుంటుంది. ఈ రోజు మీరు పెట్టే కట్టుబాటే ఆనాడు మీ ఫోన్‌కు రక్షణ.

మేం అడుగుతున్నవి ఇవి. చాలావరకు ఒక జీవోతోనో, డీజీపీ సర్క్యులర్‌తోనో అయ్యే పనులే.

ప్రతి ఏటా శాసనసభ ముందు ఒక్క పేజీ పట్టిక పెట్టండి: ఆ ఏడాది ఇచ్చిన ట్యాపింగ్ ఆదేశాలు ఎన్ని, అందులో నంబర్లు ఎన్ని, పొడిగింపులు ఎన్ని, అత్యవసరంగా మొదలుపెట్టినవి ఎన్ని, ఏడు రోజుల్లో ఆమోదం రాక ఆగినవి ఎన్ని, రివ్యూ కమిటీ తప్పుపట్టినవి ఎన్ని, చార్జిషీటు దాకా వచ్చినవి ఎన్ని. పేర్లు వద్దు, నంబర్లు వద్దు, కేసు వివరాలు వద్దు. ఈ సంఖ్యల వల్ల ఏ గూఢచారీ తప్పించుకోడు. రివ్యూ కమిటీ ఏ తేదీల్లో కూర్చుందో, ఒక్కో సమావేశంలో ఎన్ని ఫైళ్లు చూసిందో కూడా అందులోనే చేర్చండి. తప్పుపట్టినవి అన్న నిలువు వరుసలో ఏటా సున్నాలే వస్తే, అంటే కమిటీ ఒక్క ఆదేశాన్నీ తప్పుపట్టకపోతే, అది చూడగానే అందరికీ అర్థమవుతుంది.

కాల్ డేటా, టవర్ డంప్ అభ్యర్థనలకూ అలాంటి పట్టికే, జిల్లాలవారీగా, కమిషనరేట్లవారీగా. టవర్ డంప్ అడిగేటప్పుడు ఎన్ని నిమిషాలకు, ఎన్ని టవర్లకు అన్నది కేసు డైరీలో రాయాలి. కేసుతో సంబంధం లేని నంబర్లు ఎన్ని రోజుల్లో తుడిచేస్తారో ముందే గడువు పెట్టాలి.

ఆదేశం నమూనా మార్చండి. ప్రజాభద్రత అన్న మాట ముందే అచ్చువేసి ఉన్న ఫారం పనికిరాదు. ఏ వాస్తవం వల్ల ముప్పు అనుకుంటున్నారు, వేరే ఏ మార్గాలు ప్రయత్నించారు, అవి ఎందుకు చాలలేదు, ఈ నంబరు ఆ మనిషిదేనని ఎలా నిర్ధారించారు, ఈ నాలుగూ ఒక్కో నంబరుకు విడివిడిగా చేత్తో నింపాలి. పది నంబర్ల జాబితాకు ఒకే కారణం రాస్తే, సంబంధం లేని పదకొండో నంబరు అందులోకి జొరబడుతుంది. ప్రతి ఆదేశానికీ డిజిటల్ సంతకం, వరుస సంఖ్య ఉండాలి. వరుసలో ఒక్క సంఖ్య తప్పిపోయినా ఆడిట్‌లో దొరికిపోతుంది.

గడువు తీరిన ట్యాపింగ్ తనంతట తాను ఆగిపోవాలి. ఎవరో గుర్తుపెట్టుకుని ఆపాల్సిన ఏర్పాటైతే ఎవరూ ఆపరు. అత్యవసర ఆదేశానికి ఎనిమిదో పనిదినం ఉదయం, మామూలు ఆదేశానికి 61వ రోజు, సిస్టమే లైను తెంచాలి.

సంభాషణలను గడువుకు చెరపండి, కానీ ఆదేశాల సంఖ్య, తేదీలు, సంతకం చేసిన హోదా మిగిలే రిజిస్టరును విడిగా ఉంచండి. చెరిపేటప్పుడు ఇద్దరు అధికారులు సంతకం చేయాలి, ఏ డిస్కు, ఏ తేదీ, ఏ పద్ధతి అన్నది రాయాలి. ఎన్నికల షెడ్యూలు వెలువడిన రోజు నుంచి కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసేదాకా ఏ నిఘా రికార్డునూ ధ్వంసం చేయకూడదని ప్రత్యేకంగా రాయండి. ఆ రిజిస్టరును ఏటా ఒక రిటైర్డ్ హైకోర్టు న్యాయమూర్తి చేత ఆడిట్ చేయించండి. రివ్యూ కమిటీ కూర్పు కేంద్ర నిబంధనల్లో ఉంది కాబట్టి మీరు మార్చలేరు, కానీ మీ శాఖ రికార్డులకు ఆడిటరును పెట్టుకోవడానికి అడ్డేమీ కనపడదు.

రోడ్డు మీద ఫోన్ల తనిఖీ ఆపించండి. గంజాయి తనిఖీ పేరుతో కుర్రాళ్ల ఫోన్లు తెరిపించి చాట్లలో ఆ మాట వెతకడం 2021లో హైదరాబాద్ వీధుల్లో వీడియోలతో సహా బయటికొచ్చింది. ఏజెన్సీ నుంచి గంజాయి దిగే దారిలో ఉన్న మా జిల్లాలకు ఆ అలవాటు పాకడం ఎంతోసేపు పట్టదు. ఫోన్ తెరిచి చదవడం సోదాయే. ఆధారం ఉంటే పద్ధతి ప్రకారం స్వాధీనం చేసుకోండి. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105 చెప్పినట్టు వీడియో తీయండి. పంచనామాలో ఐఎంఈఐ, ఫోన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, సిమ్, మెమరీ కార్డు వివరాలు రాయండి. సిగ్నల్ చొరబడని ఫారడే కవరులో సీల్ చేయండి, లేకపోతే దూరం నుంచే డేటా చెరిగిపోవచ్చు, కొత్త సందేశాలు వచ్చి పడవచ్చు. కాపీ తీసిన వెంటనే హాష్ విలువ, అంటే ఒక్క అక్షరం మారినా మారిపోయే డిజిటల్ ముద్ర, లెక్కగట్టి యజమానికి రాతపూర్వకంగా ఇవ్వండి. సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) సర్టిఫికెట్‌లో హాష్ ఎలాగూ రాయాలి. దాన్ని మొదటి రోజే తీస్తే మధ్యలో ఎవరూ ఏమీ కలపలేదని రుజువు. నెల తర్వాత తీస్తే ఆ నెలలో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేరు, కేసు కోర్టులో అక్కడే బలహీనపడుతుంది. ఈ జాగ్రత్త నిందితుడికెంత మేలో మీ దర్యాప్తు అధికారికీ అంతే మేలు.

ఫోన్లలోకి చొరబడే సాఫ్ట్‌వేర్ రాష్ట్రంలో ఏ విభాగం దగ్గరైనా ఉందా లేదా అన్నది సభలో ఒక్క వాక్యంలో చెప్పండి. లేకపోతే లేదనండి, ఇకమీదట కొనబోమనండి. లైను వినడం వేరు, ఫోన్ లోపలికి దిగడం వేరు. లోపలికి దిగినవాడు ఉన్నది చదవడమే కాక లేని ఫైలు పెట్టనూ గలడు. పెగాసస్ ఆరోపణలపై సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 27న వేసిన కమిటీ పరీక్షించిన 29 ఫోన్లలో ఐదింటిలో ఏదో మాల్‌వేర్ దొరికింది, అది పెగాససేనని తేలలేదు, కేంద్ర ప్రభుత్వం సహకరించలేదని అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు కోర్టులోనే చెప్పారు. అలాంటి మౌనం మన రాష్ట్రానికి వద్దు.

చివరగా, కేసు పెట్టనివారికి తెలియజేయడం. ట్యాపింగ్ ముగిసి, దర్యాప్తుకు ఇబ్బంది లేని సమయం వచ్చాక ఆ మనిషికి చెప్పాలన్న నియమం జర్మనీ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. ఇది మీ జీవోతో కాదు, కేంద్ర నిబంధన మారాలి. న్యాయమూర్తి ముందస్తు ఆమోదం కూడా అంతే. ఆ రెండింటి కోసం శాసనసభలో తీర్మానం పెట్టి ఢిల్లీకి పంపండి. 2025 అక్టోబరు 14న గూగుల్ మా ఊళ్లో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం ప్రకటించింది. లోకం డేటా మన తీరానికి చేరే వేళ, డేటాను ఎలా గౌరవించాలో చెప్పే మొదటి రాష్ట్రం మనదే అయితే ఆ మాటకు ఢిల్లీలోనూ బరువుంటుంది.

మీ శాఖ కోరితే ఆదేశం నమూనా, రిజిస్టరు నమూనా, ఫోన్ స్వాధీనం పంచనామా నమూనా మేం తెలుగులో తయారుచేసి ఇస్తాం, రుసుమేమీ అక్కర్లేదు. ముందుగా కావాల్సింది ఆ ఒక్క పేజీ పట్టిక. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో హోం శాఖ పద్దు చర్చకు వచ్చిన రోజు దాన్ని సభ ముందు ఉంచమని కోరుతున్నాం.

ఇట్లు,
నెట్‌వర్క్, ఫోన్ భద్రత, న్యాయవాద వృత్తుల్లో ఉన్న పౌరులు
విశాఖపట్నం